ఎల్ల దగ్గర వెలుగు

మా దెగ్లూర్ ఎల్ల మీది ఊరు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు మా తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో కలిసాయి. మిగిలిన మేము బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు వచ్చాము. నాకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో ఉర్దూ. భౌతికశాస్త్రం మాత్రం ఇంగ్లీషులో చదివాను.

"దినమంత ఆ అద్దం ముక్కల మీద ఏం పూస్తవు బిడ్డా?" అని మా అవ్వ అడిగేది. ఆమె ఇప్పుడు లేదు. ఆ ప్రశ్నకు తెలుగులో జవాబు చెప్పి చూడాలని ఈ నాలుగు మాటలు.

నేను పూసేది ప్లాస్టిక్ పొరలు. పాలీవినైల్ ఆల్కహాల్ పొడిని వేడినీళ్ళలో కరిగిస్తే పల్చని గంజిలా అవుతుంది. దాన్ని గాజుపలక మీద చుక్కగా వేసి, నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిప్పితే, నీరు ఆరి సన్నని పొర మిగులుతుంది. దానిపైన టోలీన్‌లో కరిగించిన పాలీస్టైరీన్ పొర. ఇక్కడే ఉంది మెలకువ. పై పొర ద్రవం కింది పొరను కరిగించకూడదు. మొదటిది టోలీన్‌లో కరగదు, రెండోది నీటిలో కరగదు. అందుకే రెండూ ఒకదాన్నొకటి చెరపకుండా నిలుస్తాయి.

ఒకే పదార్థంలో వెలుగు నిమ్మళంగా సాగిపోతుంది. రెండు పదార్థాలు కలిసే ఎల్ల దగ్గరే కొంత వెనక్కి మళ్ళుతుంది. వీటి వక్రీభవన గుణకాలు సుమారు 1.5, 1.59. తేడా స్వల్పం గనుక ఒక్క ఎల్ల దగ్గర మళ్ళేది వెయ్యో వంతు కూడా ఉండదు. కాని పొరల మందం కుదిరితే మళ్ళిన అలలన్నీ అడుగు కలిపి వస్తాయి. అప్పుడు పది ఎల్లలు కలిసి ఇచ్చే వెలుగు పది రెట్లు కాదు, దాదాపు నూరు రెట్లు! ఆకుపచ్చ వెలుగుకు పాలీస్టైరీన్ పొర మందం సుమారు 86 నానోమీటర్లు ఉండాలి. అంటే తలవెంట్రుకలో ఇంచుమించు వెయ్యో వంతు. ఒక పొరలో టైటానియం డయాక్సైడ్ నలుసులు కలిపితే గుణకం పెరిగి, తక్కువ పొరలతోనే పని జరుగుతుంది. దాన్నే మిశ్రమ పొర అంటారు.

అలల అడుగు కలపవచ్చు, తప్పించనూ వచ్చు. 1938లో అమెరికాలో కేథరిన్ బ్లాడ్జెట్ సబ్బు జాతికి చెందిన బేరియం స్టియరేట్‌ను గాజుపై 44 పొరలుగా పేర్చి, ప్రతిఫలనం కనిపించని గాజును తయారుచేసింది.

మా పిల్లలు మరాఠీ బడిలో చదివారు. వక్రీభవనం అంటే వారికి తెలియదు, 'అపవర్తన్' అంటే వెంటనే తెలుస్తుంది. తెలుగు మాట్లాడతారు, రాయలేరు. బడి భాష పై పొర. అది తప్పదు, దానిమీద నాకు కోపమూ లేదు. కింది పొర కరగకుండా చూసుకోవడం మాత్రం పూసేవాళ్ళ బాధ్యత. ఈ వ్యాసం అచ్చయితే వాళ్ళకు నేనే చదివి వినిపిస్తాను. తెలియని మాట దగ్గర ఆపి అడగమంటాను.