ఒక పొడి అక్షరం ఖరీదు

మన పత్రికలో పెళ్లి కబుర్లు, పండుగ ముచ్చట్లు, వంటలు చదువుతూ ఉంటాం. ఈసారి ఒక కాగితం గురించి రాస్తానంటే మా ఇంట్లోవాళ్లు నవ్వారు. బ్యాంకు ఆఫీసరుకి కాగితాలు తప్ప ఇంకేం తెలుస్తాయిలే అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఈ కాగితం మా చెల్లెలిది. అందులో తప్పు మాత్రం నాది.

మాది బరంపురం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాష్ట్రం మారినా మా వీధిలో తెలుగు మారలేదు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు. ఇలా మూడు భాషల మధ్య పెరిగినవాళ్ల పేర్లు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటాయని మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

చెల్లెలు లెక్కల టీచరు. బరంపురంలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో 15 ఏళ్లు పాఠాలు చెప్పింది. బావగారి వ్యాపారం దెబ్బతిని, ఇద్దరు పిల్లల చదువులు ఒక్కసారే మీద పడినప్పుడు, 2012లో థాయిలాండ్‌లో ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం దొరికింది. అక్కడ చాలా బడుల్లో లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో చెప్పే తరగతులు ఉంటాయి. వాటికి మన దేశం నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి టీచర్లు వెళుతుంటారు.

"ఇంత అనుభవం ఉంది కదా అన్నయ్యా, ఒకసారి చేరితే ఇక బెంగ లేదు" అంది రైలెక్కేటప్పుడు. నేనూ అలాగే అనుకున్నాను. పదిహేనేళ్ల ఖాతాదారు కౌంటరు దగ్గరికి వస్తే మనం ముఖం చూసే పలకరిస్తాం కదా!

అక్కడికి వెళ్లాక తెలిసింది, అనుభవం ఒక లెక్క, అనుమతి ఇంకో లెక్క అని.

ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి ఆ దేశం ఇచ్చేది నాన్ ఇమిగ్రెంట్ 'బి' వీసా. దానితో దిగితే ముందు 90 రోజులే ఉండనిస్తారు. ఆ తర్వాత అక్కడే ఇమిగ్రేషన్ ఆఫీసులో ఏడాదికి పొడిగించుకోవాలి. ఫీజు 1,900 భాట్లు. ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే ఫారం, అదే ఫొటో, బడివాళ్ల ఉత్తరం, ఒప్పందం, వర్క్ పర్మిట్ అన్నీ పట్టుకుని టోకెను తీసుకుని కూర్చోవాలి. ఈ మధ్యలో ప్రతి 90 రోజులకీ ఫలానా చిరునామాలో ఉన్నానని తెలియజేయాలి. మరిచిపోతే జరిమానా. ఉద్యోగం మానేస్తే ఆ పొడిగింపు కూడా దానితోనే పోతుంది. అంటే టీచరు ఆ దేశంలో ఉండటం బడి ఇచ్చే ఉత్తరం మీద ఆధారపడి ఉంటుందన్న మాట.

వీటన్నిటికీ మూలం ఇంకొకటి ఉంది. 2003 నాటి చట్టం ప్రకారం అక్కడ బడిపంతులు పని లైసెన్సు ఉంటేనే చేయవలసిన వృత్తి. ఆ లైసెన్సు ఇచ్చే మండలి పేరు 'ఖురుసఫా'. చెల్లెలు ఫోనులో ఆ మాట చెబితే నాకు మొదట అర్థం కాలేదు. తీరా చూస్తే అది మన సంస్కృతపు 'గురుసభే'! ఉపాధ్యాయ శిక్షణ పట్టా లేనివాళ్లకి ఆ గురుసభ రెండేళ్ల తాత్కాలిక అనుమతి ఇస్తుంది. సాధారణంగా మూడు విడతలకి మించి ఇవ్వదు. మా చెల్లెలు ఎమ్మెస్సీ లెక్కలు చదివింది గానీ బీఎడ్ చేయలేదు. బరంపురంలో ఆమె పనిచేసిన బడి ఎప్పుడూ అడగలేదు, ఆమె చదవలేదు.

ఒక సంగతి చెప్పాలి. ఆ దేశంలో గురువుకి ఇచ్చే మర్యాద చూస్తే మనకి ఈర్ష్య కలుగుతుంది. ఏటా బడులు తెరిచిన కొద్దిరోజులకి 'వాయి ఖ్రు' అని గురుపూజ చేస్తారు. 'ఖ్రు' అంటే గురువే. పిల్లలు నూరువరహాల పూలు, గరిక, వంకపూలు పళ్లెంలో పెట్టుకుని వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని టీచరుకి దండం పెడతారు. నూరువరహాల మొగ్గ సూదిమొనలా ఉంటుంది కనుక బుద్ధి అంత చురుగ్గా ఉండాలనీ, గరిక తొక్కినా చావదు కనుక ఓర్పు ఉండాలనీ, వంకపువ్వు తల వంచుకుని ఉంటుంది కనుక వినయం ఉండాలనీ అర్థం చెబుతారట. మొదటి ఏడాది ఆ ఫొటో పంపి, "మనం వినాయకుడికి పెట్టే గరిక అన్నయ్యా, నాకు పెట్టారు" అని రాసింది. అదే నెలలో ఇమిగ్రేషన్ ఆఫీసులో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని, ఒక జిరాక్సు తక్కువైందని మర్నాడు మళ్లీ వెళ్లింది.

2014లో అమ్మకి జబ్బు చేసింది. రాత్రి ఫోను చేశాను. పొద్దున్న విమానం. అక్కడ పొడిగింపు ఉన్నవాళ్లు దేశం దాటే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే ఆ పొడిగింపు రద్దయిపోతుంది. విమానాశ్రయంలోనే కౌంటరు ఉంది కనుక సరిపోయింది. ఒకసారి వచ్చి వెళ్లడానికి 1,000 భాట్లు. "ఏడుస్తూనే ఫారం నింపాను. పుట్టిన తేదీ గడిలో అమ్మ వయసు రాశాను, కొట్టేసి మళ్లీ రాశాను" అని తర్వాత చెప్పింది. అమ్మని ప్రాణంతో చూడగలిగింది, అదొక్కటే తృప్తి. ఆ ఏడాది నుంచి ఎన్నిసార్లయినా వచ్చి వెళ్లే 3,800 భాట్ల పర్మిటే ముందుగా తీసుకుని పెట్టుకుంటుంది. "అమ్మ పోయింది కదే, ఇంకా అంత డబ్బెందుకు?" అన్నాను ఒకసారి. "నువ్వున్నావు కదా" అంది. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

2016లో మూడో విడత అనుమతి వచ్చినప్పుడే, ఇక ఇదే ఆఖరు అని బడివాళ్లు చెప్పారు. అప్పటికి పిల్లలిద్దరూ కాలేజీల్లో ఉన్నారు. బరంపురం తిరిగి రావాలి, లేదా 45 ఏళ్ల వయసులో మళ్లీ విద్యార్థి కావాలి. వారాంతాల్లో జరిగే ఉపాధ్యాయ డిప్లొమాలో చేరింది. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి, పాఠ ప్రణాళిక ఎలా రాయాలో మొదటి నుంచి నేర్చుకుంది. తనకంటే పదిహేనేళ్లు చిన్నవాడు వెనుక బెంచీలో కూర్చుని మార్కులు వేస్తుంటే పాఠం చెప్పింది. "చిన్నతనంగా ఉందా?" అని అడిగితే, "మొదటి నెల ఉండేది. తర్వాత చూస్తే ఆ అబ్బాయి చెప్పినవాటిలో రెండు మూడు నిజంగా నాకు తెలియనివే" అంది. నాకు ఆ మాట నచ్చింది.

డిప్లొమా వచ్చింది. 2018లో లైసెన్సుకి కాగితాలు పెట్టింది. అక్కడ చిక్కు వచ్చింది. పాస్‌పోర్టులో మా ఇంటిపేరు పూర్తిగా ఉంది. డిగ్రీ పట్టాలో ఇంటిపేరుకి బదులు ఒకే ఒక్క అక్షరం, పక్కన చుక్క. ఆరేళ్లుగా ఎవరూ పట్టించుకోని ఆ చుక్కని ఈసారి ఒకరు పట్టించుకున్నారు. ఈ ఇద్దరూ ఒకరేనని మీ విశ్వవిద్యాలయం నుంచి తెమ్మన్నారు. లైసెన్సు రాకపోతే వర్క్ పర్మిట్ లేదు. అది లేకపోతే పొడిగింపు లేదు. చేతిలో ఉన్నది ఆరు వారాలు.

"ఇంటిపేరు అలా ఎవరు రాశారో!" అంది ఫోనులో.

నాకు వెంటనే గుర్తొచ్చింది. 1990లో నేను బీకాం పూర్తిచేసి బ్యాంకు పరీక్షలకి చదువుతూ ఖాళీగా ఉన్నాను. నా చేతిరాత బాగుంటుందని చెల్లెలి కాలేజీ ఫారం నా చేత నింపించారు నాన్నగారు. పేరుకి ఇచ్చిన గళ్లు చాలలేదు. ఇంటిపేరు మొదటి అక్షరం వేసి చుక్క పెట్టాను. పని చక్కబెట్టానని సంతోషించాను కూడా. ఆ ఫారంలోని పేరే మార్కుల జాబితాకి, అక్కడి నుంచి పట్టాకి, ఎమ్మెస్సీకి ఎక్కింది. 28 ఏళ్ల తర్వాత ఇంకో దేశంలో ఆమె జీతానికి అడ్డం పడింది.

వారం రోజులు సెలవు పెట్టాను. పదో తరగతి సర్టిఫికెట్లో అదృష్టవశాత్తూ ఇంటిపేరు పూర్తిగా ఉంది. దాన్ని ఆధారంగా చూపి, అఫిడవిట్ జతచేసి, పొడి అక్షరం ఫలానా ఇంటిపేరుకి సంక్షేపమని విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం తీసుకున్నాను. దాని మీద రాష్ట్ర ప్రభుత్వ ధృవీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ధృవీకరణ, ఆపైన ఢిల్లీలోని థాయ్ రాయబార కార్యాలయం ముద్ర. ఒక్కో ముద్ర పడినప్పుడల్లా చెల్లెలికి ఫోను చేసేవాణ్ణి. కవరు చేరేసరికి తొమ్మిది రోజులే మిగిలాయి. లైసెన్సు వచ్చింది. దాని నకలు పంపితే తేదీలో 2561 అని ఉంది! బ్యాంకువాణ్ణి కదా, తేదీ తప్పున్న చెక్కు చూసినట్టు ఉలిక్కిపడ్డాను. వాళ్లది బుద్ధ శకం, మన సంవత్సరానికి 543 కలపాలని చెల్లెలు చెప్పి నవ్వింది. ఆరు వారాల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

ఇందులో నన్ను బాధపెట్టిన సంగతి ఇంకొకటుంది. అంతకు ముందు ఏడాది నవంబరులో, పెన్షనుదార్ల జీవన ప్రమాణ పత్రాల రోజుల్లో, ఒక రిటైర్డు మాస్టారు మా కౌంటరుకి వచ్చారు. పెన్షను కాగితంలో పొడి అక్షరాలు, ఆధార్‌లో పూర్తి పేరు. "నియమం మాస్టారూ, నేనేం చేయలేను, సరిచేయించుకుని రండి" అని పంపేశాను. ఎక్కడ సరిచేయించుకోవాలో చెప్పలేదు. ఆయన అడగలేదు. ఎండలో మెట్లు దిగి వెళ్లారు. చెల్లెలికి అక్కడ ఎవరో చెప్పిన మాట కూడా సరిగ్గా ఇదే. అక్కడివాళ్ల మీద నాకు కోపం రావాలి. కానీ ఆ మాట నా గొంతులోనే వినిపించింది.

నియమం తప్పని నేను అనను. బడిలో పిల్లల ముందు నిలబడేవాళ్లు ఎవరో, ఏం చదివారో ఒక దేశం తెలుసుకోవాలి. పేరు సరిపోలకుండా డబ్బు ఇస్తే రేపు బ్యాంకు ఎవరికి జవాబు చెబుతుంది? అయితే కాగితం అడగడం వేరు, దాన్ని ఎలా తేవాలో చెప్పడం వేరు. రెండోదానికి ఏ నియమమూ అడ్డు కాదు. మాస్టారి ఇంటి చిరునామా వెతికి మరుసటి నవంబరుకి ముందే వెళ్లాను. అప్పటికే వారి అబ్బాయి సరిచేయించాడు. కాఫీ ఇచ్చారు. "మీరు రావడమెందుకు బాబూ" అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు. అప్పటి నుంచి నా సొరుగులో అఫిడవిట్ నమూనా ఒకటి ఉంటుంది. అవసరమైనవారిని కూర్చోబెట్టి, ఏ ఆఫీసుకి ముందు, ఏ ఆఫీసుకి తర్వాత వెళ్లాలో వరుసగా రాసి ఇస్తాను.

మన కుటుంబాల్లో చాలామంది పిల్లలు, కోడళ్లు బయటి దేశాల్లో టీచర్లుగా ఉన్నారు. వెళ్లబోయేవాళ్లూ ఉన్నారు. అనుభవం ఉన్నవాళ్లకి నేను చెప్పగలిగేది కొంచెమే. మీ అనుభవం తరగతి గదిలో పనికొస్తుంది, కౌంటరు దగ్గర దానికి సాక్ష్యం కావాలి. పనిచేసిన ప్రతి బడి నుంచీ తేదీలతో అనుభవ పత్రం అప్పుడే తీసుకోండి. బడి మూతపడ్డాక ఇచ్చేవాళ్లుండరు. పట్టాల ధృవీకరణ విమానం ఎక్కకముందే చేయించండి. విహారానికి వెళ్లేవాళ్లకి ఇచ్చే ప్రవేశంతో వెళ్లి ఉద్యోగం చేయవచ్చని ఏ ఏజెంటైనా అంటే నమ్మకండి. నియమాలు మారుతుంటాయి కనుక ప్రతి ఏడూ గడువుకి రెండు నెలల ముందే బడివాళ్లని అడగండి. ఇక పిల్లల ఫారాలు నింపే అన్నయ్యలకి, నాన్నలకి ఒక్క మాట. గళ్లు చాలకపోతే ఆఫీసులో అడగండి. ఇంటిపేరు మాత్రం పూర్తిగా రాయండి.

లైసెన్సు అయిదేళ్లది, 2023లో మళ్లీ ఇచ్చారు. వీసా మాత్రం ఇప్పటికీ ఏడాదికే. మొన్న సాయంత్రం చెల్లెలు ఫోను చేసింది. ఈ ఏడాది ముద్ర పడిందట, ఈసారి ఒక్క జిరాక్సూ తగ్గలేదట. "వచ్చే ఏడాది ఏ తేదీ?" అని అడిగి, నా గోడ క్యాలెండరులో చోటు లేక డైరీలో రాసుకున్నాను. దాని పేరు పక్కన ఇంటిపేరు కూడా పూర్తిగా రాశాను.