ఇంటి కంప్యూటరునకు ఏ వ్యవస్థ తగును?

సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూరు పేరు 2016వ సంవత్సరమున పెద్దనోట్లు రద్దయిన పిమ్మట పత్రికల కెక్కినది. నగదు ముట్టకయే క్రయవిక్రయములు జరుపు పల్లెయని నాడు దానిని కొనియాడిరి. ఉప్పు పప్పులు కొనుటకు సైత మొక యంత్రమును నమ్మవలసివచ్చినప్పుడు, ఆ యంత్రములో నడుచునదేమి, అదెవరి యధీనమున నున్నదను ప్రశ్న పండితులకే కాక గృహస్థులకును గలుగక తప్పదు. ఇంటింట కంప్యూటరు చేరుచున్న యీ దినములలో ఆ ప్రశ్ననే మేము మరియొక విధమున విచారింపదలచితిమి.

కంప్యూటరును నడిపించు మూలవ్యవస్థలు ముఖ్యముగా రెండు తెగలు. విండోసు, మ్యాకు మొదలైనవి వర్తక సంస్థల సొత్తు. వాని లోపలి వ్రాత మనము చూడరాదు. లినక్సు అట్లు కాదు. 1983లో రిచర్డ్ స్టాల్మన్ ప్రకటించిన గ్నూ ప్రయత్నమును, 1991లో ఫిన్లాండు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన మూలభాగమును గలసి యది యేర్పడినది. ఎవరైనను దానిని చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును. ఇంత మంచిదైనచో అందరును వాడరేమని యడిగిన, సామాన్యముగా వచ్చు ప్రత్యుత్తర మొక్కటే: "దానిలో మనకు గావలసిన సాఫ్ట్‌వేరు దొరకదు."

ఈ మాట యెంతవరకు నిజము? మా యింట కంప్యూటరుపై జరుగు పనుల నొక కాగితముపై వ్రాసికొని చూచితిమి. ఉత్తరములకును లెక్కల పట్టికలకును లిబ్రెఆఫీసు, లోకవార్తలకు ఫైర్‌ఫాక్సు, పాటలకును చలనచిత్రములకును వీఎల్సీ, పిల్లల యాటపాఠములకు జీకాంప్రి యున్నవి. ఇవి యన్నియు లినక్సులో ఉచితముగా లభించును, విండోసులోనుగూడ నడుచును. 2025 ఆగస్టులో వెలువడిన డెబియను 13వ సంచికలో దాదాపు 70 వేల ప్యాకేజీలు గలవు. కాని సంఖ్యను జూచి మురియరాదు. నిఘంటువులో లక్ష పదములున్నను, మనము వెదకు పదము లేనిచో నేమి లాభము?

లేని పదములును గలవు. మన వర్తకులు లెక్కలు వ్రాయు ట్యాలీ విండోసుకొరకు చేయబడినది. లినక్సులో గ్నూక్యాషు ఉన్నను, ఆడిటరు ట్యాలీ లెక్కలే యడిగినప్పుడు దుకాణదారు డేమి చేయును? ఫోటోషాపునకు లినక్సు ప్రతి లేదు. వైను అను సాధనముతో కొన్ని విండోసు కార్యక్రమములను లినక్సుపై నడుపవచ్చును గాని, అన్నియు నడుచునని మాట యీయరాదు. దీనికి గారణము దుర్బోధము కాదు. కొనువా రెక్కడ నుందురో వర్తకు డక్కడకు బోవును. సరకెక్కడ నుండునో కొనువా డక్కడకు బోవును. ఈ చక్రమును గుణదోష విచారణ మాత్రమే త్రిప్పజాలదు.

అయితే "విండోసులో అన్నియు దొరకును" అను మాటయందు మరియొక లోపము గలదు. దొరకుటయనగా వెలయిచ్చి కొనుటయా? పెక్కిండ్లలో వెల చెల్లింపని దొంగప్రతులే నడుచుచున్నవి. పొరుగువాని తోటలో మామిడికాయ కోసిన పిల్లవానిని దండించు తండ్రియే, వేల రూపాయల సాఫ్ట్‌వేరును వెలలేక తెచ్చి వానిచేతి కిచ్చుచున్నాడు. ఈ రెండింటికి భేద మేమో మాకు తోచకున్నది.

ఇంతకంటె ముఖ్యమైన దింకొకటి గలదు. మా పెద్దమ్మగారు నలుబదియేండ్లు కూడబెట్టిన బతుకమ్మ పాటలను పూర్వ మొక డీటీపీ దుకాణమున టైపు చేయించి యుంటిమి. ఇటీవల ఆ ఫైలును తెరువగా తెలుగునకు బదులు ఆంగ్లాక్షరముల గందరగోళము గనబడినది. లినక్సులోనే కాదు, ఆ ఫాంటు లేని విండోసులోను అంతియే. ఏలయన, నాటి ఫాంట్లు తెలుగు అక్షరఖండములను ఆంగ్లాక్షరముల స్థానములలో గూర్చుండబెట్టెడివి. ఏ దుకాణపు కూర్పు ఆ దుకాణముదే. యూనికోడు 1991లోనే తెలుగునకు సొంతస్థానము లిచ్చినను, వాడుక మారుటకు చాలకాలము పట్టినది. మార్పిడి సాధనముతో ఫైలును యూనికోడులోనికి దెచ్చి, తప్పులను పెద్దమ్మగారి నోట పాట విని దిద్దితిమి. ఆమె మాయెదుట నున్నది గనుక సరిపోయినది. లేకున్న, కొన్ని చరణములు మాతోనే పోయెడివి. కావున సాఫ్ట్‌వేరు నేడు దొరకుటయే చాలదు. మన వ్రాత రేపు తెరచుకొనునా యనునదియు విచారింపవలయును.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును పొగడుటతోడనే మన ధర్మము తీరదు. హైదరాబాదున స్వేచ్ఛ సంస్థవారు 2005లో తెలుగు మాటలాడు వ్యవస్థను వెలువరించిరి. అట్టి పని స్వచ్ఛంద సేవకుల శ్రమవలన సాగును. వ్యవస్థలో తెలుగు కొరవడినచోట అనువదించు నధికారము మనకు గలదు. అధికారమున్నచోట బాధ్యతయు నుండును. మరియు తెరచిన బీజమునుండి మొలచినదెల్ల స్వేచ్ఛయని భ్రమింపరాదు. మన చేతిలోని ఆండ్రాయిడు ఫోనునకు మూలము లినక్సే. కాని దానిలోని ప్లే స్టోరు గూగులువారిది.

విండోసు 10నకు ఉచిత రక్షణ సవరణలు సామాన్యముగా 2025 అక్టోబరు 14తో ముగిసినవి. పాత కంప్యూటర్లలో పెక్కింటిపై విండోసు 11 నెక్కింప వీలుగాదు. వానిని పారవేయుటకు ముందు గృహస్థులు తమ పనుల పట్టిక నొకటి వ్రాసికొందురు గాక. ట్యాలీవంటి దానిపై జీవనమున్నవారు విండోసునే వెలయిచ్చి కొనుట న్యాయము. తక్కిన యిండ్లకు లినక్సు చాలును; సందేహమున్నవారు రెండింటిని ఒకే యంత్రమున నుంచుకొనవచ్చును. ఏది వాడినను తెలుగును యూనికోడులో వ్రాయుడు. 2006లో అంతర్జాతీయ ప్రమాణమైన ఓడీఎఫ్‌వంటి రూపమున దాచుడు. యంత్రములు మారును, వ్యవస్థలు మారును. మన పెద్దల పాట మాత్రము మన మనుమల చేతిలో తెరచుకొనవలయును.