మాట మీద వచ్చే బేరం

22 డిసెంబర్ 2022, గురువారం, తెనాలి

మిక్సీల మీద నేను నడిపే కమిషన్ సైటుకి వారం రోజులుగా వచ్చే జనం తగ్గిపోతున్నారు. మొన్నటిదాకా రోజుకి 900 మంది. నిన్న 310. సంక్రాంతి ముందు రోజులు, మిక్సీలూ గ్రైండర్లూ కొనే కాలం. సరిగ్గా ఇప్పుడే. సర్వరు పాడైందేమోనని హోస్టింగ్ వాళ్లకి ఫోన్ చేశాను. అంతా బాగానే ఉందన్నారు. రాత్రి కూర్చుని వెతికితే తెలిసింది. 14వ తేదీ నుంచి గూగుల్ లింకుల మీద ఒక అప్‌డేట్ వదులుతోంది. స్పామ్‌బ్రెయిన్ అనే తన వ్యవస్థతో డబ్బిచ్చి కొన్న లింకుల్ని పట్టుకుని వాటి విలువ సున్నా చేస్తోంది. నోటీసు రాదు. లెక్కలోంచి తీసేస్తారంతే.

నాకేం జరిగిందో ఇంక ఒకరు చెప్పక్కర్లేదు. ఆగస్టులో 18,000 పోసి, వేరే సైట్ల నుంచి నా పేజీకి దారి చూపే 120 బ్యాక్‌లింకులు కొన్నాను. అమ్మినతను పంపిన ఎక్సెల్ షీటుని ఇవాళ మొదటిసారి వరస వరసా తెరిచి చూశాను. ఒకటి విదేశీ జూదం సైటు. ఒకటి జుట్టు ఊడకుండా మందు. ఇంకోటి ఎప్పుడో ఒక బడి వాళ్లది. వాళ్లు డొమైన్ రెన్యువల్ చెయ్యకపోతే ఎవరో వేలంలో కొనుక్కుని, ఆ పాత పేరు మీదే రోజుకి పది వ్యాసాలు కుమ్మరిస్తున్నారు. ఇంగ్లీషు వ్యాసం మధ్యలో నీలం అక్షరాల్లో ‘బెస్ట్ మిక్సీ’ అని ఉంది. నొక్కితే నా తెలుగు పేజీ! ఆ బడి పిల్లల ఫొటో ఒకటి ఇంకా ఆ సైట్లో మిగిలి ఉంది. అది చూశాక షీటు మూసేశాను.

ప్రతి వరస పక్కనా ‘డీఏ 50 ప్లస్’ అని రాసుంది. నేను మోసపోయింది ఆ అంకె చూసే. డీఏ అంటే డొమైన్ అథారిటీ, మాజ్ అనే కంపెనీ సైట్లకి తన అంచనాతో వేసుకునే మార్కు. గూగుల్ దాన్ని వాడదు. ఈ సంగతి కొనకముందు అరగంట చదివినా తెలిసేది.

25 డిసెంబర్ 2022, ఆదివారం

నాన్నకి చెప్పేశాను. డబ్బు పోయిన సంగతీ, ఎలా పోయిందన్న సంగతీ. బ్యాక్‌లింక్ అంటే ఏమిటో చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెబుతుంటే నాకే తేటపడింది.

స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న రోజుల్లో గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో రాసిన పత్రానికి మూలం చాలా చిన్న ఊహ. పండితులు తమ వ్యాసాల్లో ఇంకొకరి వ్యాసాన్ని ఉదహరిస్తే దానికి విలువ పెరుగుతుంది. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకు ఇవ్వడం కూడా అలాంటిదే. పైగా అందరి మాటకీ ఒకే తూకం ఉండదు. నలుగురు నమ్మేవాడు చెప్పిన మాట ఎక్కువ తూగుతుంది. దానికే పేజ్‌ర్యాంక్ అని పేరు పెట్టారు.

నాన్న విని, “ఇందులో కొత్తేముందిరా” అన్నాడు. మొరిస్‌పేటలో రిపేరు కొట్టు పెట్టిన కొత్తల్లో ఆరు నెలలు బేరాల్లేవట. ఒక టీచరమ్మ గారి మిక్సీకి కప్లర్ ఒక్కటే పోతే, మోటారు పోయిందని అబద్ధం చెప్పకుండా కప్లర్ డబ్బులే తీసుకున్నాడట. ఆవిడ స్టాఫ్ రూములో చెప్పింది. ఏడాది తిరిగేసరికి ఆ బళ్లో పంతుళ్లందరి మిక్సీలూ మన బెంచీ మీదికే వచ్చాయి. “ఆవిడకి నేనేమన్నా డబ్బులిచ్చానా? ఇచ్చుంటే చెప్పేదా?” అని అడిగాడు.

కొన్న మాటలు పట్టుబడటం ఇవాళ కొత్త కాదు. 2011 ఫిబ్రవరిలో అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ కోసం సంబంధం లేని వందలాది సైట్లలో లింకులు పెట్టించిన సంగతి న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అప్పటిదాకా మొదటి వరసలో కనబడ్డ ఆ సంస్థ గూగుల్లో అడుగుకి పడింది. మరుసటేడు ఏప్రిల్ 24న పెంగ్విన్ అప్‌డేట్ వచ్చింది. పదేళ్ల తరవాత కూడా అదే సరుకు అమ్ముతున్నారు, నాలాంటి వాళ్లం కొంటున్నాం.

16 జనవరి 2023, సోమవారం, కనుమ

చెల్లెలూ బావగారూ గుంటూరు నుంచి వచ్చారు. కనుమ కదా, గారెలకి మినప్పప్పు రుబ్బుతుంటే మిక్సీ కాలిన వాసన వేసింది. అడుగు సందుల్లోంచి నీలంగా నిప్పురవ్వలు. అమ్మ ప్లగ్గు లాగేసింది. పండగపూట కొట్టు మూసి ఉన్నా నాన్న సంచీ తీశాడు.

మిక్సీ బోర్లించి, నాలుగు మరలు విప్పి, రెండు పక్కల నుంచీ కార్బన్ బ్రష్షులు బయటికి లాగాడు. నేను స్కేలు పెట్టి కొలిచాను. డబ్బాలోని కొత్తది 22 మిల్లీమీటర్లు, అరిగింది 7. వెనక స్ప్రింగు ఎంత తోసినా అది కమ్యుటేటర్‌ని గట్టిగా తాకలేకపోతోంది. అందుకే రవ్వలు. ఒక పక్కదే ఎక్కువ అరిగినా రెండూ ఒకేసారి మార్చాలని చెప్పాడు. కమ్యుటేటర్ రాగి పలకల మీద పట్టిన నల్లటి మసిని ఎమరీ పేపరు ముక్కతో తుడిచాడు. జత ఖరీదు 40 రూపాయలు. పావుగంటలో పప్పు మళ్లీ తిరిగింది. అమ్మ చేతి గారెలు అందరం వేడివేడిగా తిన్నాం.

ఎందుకో గానీ నేను మొత్తం ఫొటోలు తీశాను. రాత్రి చూసుకుంటే పన్నెండు బొమ్మలు. నా సైట్లో ‘మంచి మిక్సీ ఏది’ అని పద్నాలుగు పేజీలున్నాయి. ఒక్కదానిలోనూ మిక్సీ లోపల ఏముంటుందో లేదు. కంపెనీవాళ్లు అట్టపెట్టె మీద వేసిందే నేనూ తిప్పి రాశాను. ముప్ఫై ఏళ్లు మిక్సీలు విప్పిన మనిషి కొడుకుని. అలా రాయడం తప్పు.

21 జనవరి 2023, శనివారం

డబ్బు తీసుకుని గానీ, ఉచితంగా వస్తువు తీసుకుని గానీ ఏదైనా మెచ్చుకుంటే ఆ సంగతి తేలికగా అర్థమయ్యే మాటల్లో చెప్పి తీరాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నిన్న మార్గదర్శకాలు విడుదల చేసింది. సినిమావాళ్ల గురించీ సోషల్ మీడియాలో పేరున్నవాళ్ల గురించీ అంటున్నారు గానీ, కమిషన్ తినే నాకూ అది వర్తిస్తుందనే అనుకుంటాను. ఇన్నాళ్లూ ఆ వాక్యం పేజీ అడుగున, సన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉండేది. ఇవాళ ప్రతి పేజీకీ పైన, మొదటి పేరాలోనే పెట్టాను: ‘ఇక్కడి లింకు నొక్కి మీరు కొంటే నాకు కమిషన్ వస్తుంది. మీకు ధర పెరగదు.’

కమిషన్ లింకులన్నిటికీ ‘స్పాన్సర్డ్’ గుర్తు కూడా తగిలించాను. ఇది డబ్బు సంబంధం ఉన్న లింకు, సిఫారసుగా లెక్కపెట్టొద్దని సెర్చ్ ఇంజన్‌కి చెప్పే గుర్తు అది. 2005 నుంచీ ‘నోఫాలో’ ఉంది, 2019లో ఇది వచ్చింది. పద్నాలుగు పేజీల్లో 83 లింకులు. చేత్తోనే మార్చాను, తెల్లారింది.

9 ఫిబ్రవరి 2023, గురువారం

లింకులమ్మినతను మళ్లీ ఫోన్. “ఈసారి ప్యూర్ గెస్ట్ పోస్టులు సార్, గ్యారంటీ” అంటాడు. నేను వద్దన్నాను. అయితే మీరే అమ్మండి అన్నాడు. ఒక బెట్టింగ్ యాప్‌కి నా పేజీలో ఒక్క లింకు, ఏడాదికి 6,000. పేజీలో ఏ మూలన పెట్టినా పర్లేదట.

ఆరు వేలు ఈ నెల నాకు చిన్న డబ్బు కాదు. కనుమనాటి ఫొటోలతో రాస్తున్న కార్బన్ల పేజీ ఇంకా పూర్తికాలేదు, కమిషన్ 2,100కి పడిపోయింది. అయినా ఫోన్ పెట్టెయ్యడానికి క్షణం పట్టలేదు. నా పేజీ మీద నుంచి ఒక కుర్రాడు ఆ యాప్‌లోకి వెళ్లి జీతం పోగొట్టుకుంటే, దారి చూపింది నేనవుతాను. లింకు అంటే నా నోటి మాట అని మొన్ననే నాన్నకి చెప్పినవాణ్ణి.

పాత లింకుల్ని డిస్అవో చెయ్యాలా, అంటే లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పాలా అని కూడా చూశాను. 2012 అక్టోబర్ నుంచీ ఆ సదుపాయం ఉంది. నా సెర్చ్ కన్సోల్లో మాన్యువల్ యాక్షన్, అంటే గూగుల్ వాళ్లు చూసి వేసే శిక్ష, ఏదీ లేదు. చాలా సైట్లకి డిస్అవో అవసరమే పడదని గూగులే చెబుతోంది. వదిలేశాను.

18 మార్చి 2023, శనివారం

కార్బన్ల పేజీ పెట్టి మూడు వారాలు. వంటల సైట్లు నడిపేవాళ్లకీ, ఐటీఐ, పాలిటెక్నిక్ మేష్టార్లకీ, మొత్తం 40 మందికి ఉత్తరాలు రాశాను. ‘లింకు ఇవ్వండి’ అని ఎవర్నీ అడగలేదు. పేజీ పంపి, ‘తప్పులుంటే చెప్పండి’ అని మాత్రమే అడిగాను. ముగ్గురు బదులిచ్చారు.

వాళ్లలో ఒకరు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చెప్పే మేష్టారు. ఆయన నిజంగానే తప్పు పట్టుకున్నారు. కమ్యుటేటర్‌ని ఎమరీతో రుద్దకూడదట. ఎమరీ పొడి కరెంటుని పారనిస్తుంది, రాగి పలకల మధ్య సందుల్లో ఇరుక్కుంటే షార్టవుతుంది. సన్న ఉప్పుకాగితం వాడి, పొడి అంతా బ్రష్షుతో దులిపెయ్యాలి. నాన్నకి ఎలా చెప్పాలా అని మధ్యాహ్నం దాకా తటపటాయించాను. చెబితే ఒక్క నిమిషం మాట్లాడలేదు. తరవాత డ్రాయరులోంచి ఎమరీ కట్ట తీసి పైఅరలో పడేసి, కుర్రాణ్ణి పంపి ఉప్పుకాగితం తెప్పించాడు. “ఆయన్ని ఓసారి మన కొట్టుకి రమ్మనరా” అన్నాడు.

పేజీలో పాత వాక్యాన్ని కొట్టేసి, కింద ‘ఇది సరిదిద్దింది ఒక ఎలక్ట్రికల్ లెక్చరర్ గారు’ అని రాశాను. సరిదిద్దిన ఎనిమిదో రోజున ఆయన తన కాలేజీ పిల్లల కోసం నడిపే పాఠాల పేజీలో మా పేజీకి లింకు పెట్టారు. నేను కొనని మొదటి లింకు.

11 జూన్ 2023, ఆదివారం

లెక్కలు రాసుకుంటున్నాను. మే నెలలో కార్బన్ల పేజీ 5,200 మంది చదివారు. దాని నుంచి వచ్చిన కమిషన్ దాదాపు ఏమీ లేదు, నలభై రూపాయల సామాను మీద ఏం వస్తుంది? కానీ నాకొచ్చిన 19 మంచి లింకుల్లో 15 ఆ పేజీకీ, జార్ బుష్ అరిగి నీళ్లు మోటార్లోకి దిగడం గురించి రాసిన పేజీకీ వచ్చినవే. ‘ఏ మిక్సీ కొనాలి’ పేజీకి ఒక్కరూ లింకు ఇవ్వలేదు. ఇవ్వరు కూడా. అమ్మకం పేజీని ఎవరూ పిలిచి పదిమందికి చూపించరు. అయితే కార్బన్ల పేజీలో ఒకచోట ‘ఆర్మేచర్ కాలిపోతే బాగుచేయించడం దండగ, కొత్తది తీసుకోండి’ అని ఉంది. అక్కడి నుంచి కొనే పేజీకి నేనే దారి పెట్టాను. జనమూ ఆ దారినే వెళుతున్నారు, పేజీకొచ్చిన పరపతీ ఆ దారినే పారుతోంది. మే నెల కమిషన్ 6,240.

అది చేతికి రావడానికి దగ్గర దగ్గర రెండు నెలలు. అమెజాన్‌లో అయితే నా లింకు నొక్కినవాళ్లు 24 గంటల్లోపు కొంటేనో, కార్టులో వేసుకుంటేనో లెక్క. ఇంట్లో అడిగి ఎల్లుండి మళ్లీ వెతికి కొంటే లేదు. వస్తువు వెనక్కిస్తే ఉన్నదీ పోతుంది. మన ఇళ్లల్లో మిక్సీ ఎవరూ ఒక్కరోజులో తేల్చుకుని కొనరు. ఇప్పటి (2023) రూలు ప్రకారం ఏడాదిలో 15,000 దాటితే 5 శాతం టీడీఎస్ కోస్తారు, రిటర్ను వేసుకుంటే సర్దుబాటవుతుంది. నెలకి లక్ష అని వీడియోల్లో చెప్పేవాళ్లు ఈ సంగతులేవీ చెప్పరు. వాళ్ల మాట నమ్మి ఉద్యోగం మానేసినవాళ్లు ఇద్దరు నాకు తెలుసు. మధ్యాహ్నం దాకా నాన్న కొట్లో పని ఉండబట్టి నేను నిలబడ్డాను.

12 ఆగస్టు 2023, శనివారం

నెలరోజులుగా కొట్టుకి వచ్చే తల్లులందరిదీ ఒకటే ప్రశ్న. అబ్బాయి అమెరికా వెళుతున్నాడు, మిక్సీ ఇచ్చి పంపొచ్చా? ఇవాళొకావిడ కొత్త మిక్సీ పెట్టెతో సహా వచ్చి, ఫ్లైటు రేపే అంది. మన కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. ఇక్కడి మిక్సీ అక్కడ పెడితే నీరసంగా తిరుగుతుంది, పప్పు నలగదు. ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, అది మిక్సీ కంటే బరువు. 110 వోల్టులకని విడిగా తయారుచేసినదైతేనే తీసుకెళ్లాలి. నాన్న ఆ పెట్టె పక్కన అంటించిన రేటింగ్ ప్లేటు బొమ్మ మీద వేలు పెట్టి ఆవిడకి చూపించాడు. ఆవిడ దాన్ని వెనక్కిచ్చెయ్యడానికి వెళ్లింది.

సాయంత్రం ఇదే పేజీగా రాశాను. రేటింగ్ ప్లేటు ఫొటో, ఎక్కడ చదవాలో గీసిన గీత, ‘ఇక్కడి మిక్సీ కొని తీసుకెళ్లకండి’ అన్న మాట. దానిలో కమిషన్ లింకు ఒక్కటీ లేదు.

1 అక్టోబర్ 2023, ఆదివారం

అమెరికాలో ఒక యూనివర్సిటీ తెలుగు విద్యార్థుల సంఘం, కొత్తగా వచ్చేవాళ్లు తెచ్చుకోవాల్సిన సామాన్ల జాబితాలో నా అమెరికా మిక్సీ పేజీకి లింకు పెట్టింది. వాళ్లని చూసి ఇంకా మూడు సంఘాలు పెట్టాయి. వాళ్లెవరో నాకు తెలియదు, నేను రాయలేదు, అడగలేదు.

సెప్టెంబర్ కమిషన్ 9,870. రోజుకి 1,150 మంది. నాన్నకి కొత్త మల్టీమీటర్ కొన్నాను. పాతదాని తీగలకి ఎప్పణ్ణించో టేపు చుట్టి వాడుతున్నాడు.

రాత్రి ఆ ఎక్సెల్ షీటు మళ్లీ తీసి వరసన నొక్కుకుంటూ వెళ్లాను. కిందటేడు ఆగస్టులో కొన్న 120 లింకుల్లో ఇవాళ తెరుచుకున్నవి 31.