చుక్కల గీత

అంగుళానికి మైలు చొప్పున గీసిన పాత సర్వే ఆఫ్ ఇండియా పటంలో మా ఫిల్మ్‌నగర్ కోసం వెతికాను. లేదు. 1960లలో గుట్టలు ప్లాట్లయి జూబ్లీహిల్స్ పుట్టకముందటి పటమది. షేక్‌పేట ఊరుంది. నీలంగా దుర్గం చెరువుంది. నడుమ గుట్టల ఎత్తు చెప్పే గోధుమరంగు గీతలు, వాటిని దాటుతూ ఒక చుక్కల గీత. అంటే కాలిబాట.

ఇది షేక్‌పేట, ఇది చెరువు అని చూపించగానే మా ఇంట్లో పనిచేసే ఆమె చుక్కల మీద వేలు పెట్టింది.

"గీ తొవ్వలనే మా అమ్మ కట్టెలమోపు మోసుకొచ్చేదమ్మా. పగలంతా రాళ్లు కొట్టేది."

గుట్టకి ఎత్తు రాశారు, చెరువుకి పేరు రాశారు. ఆ బాటని పాదాలతో గీసినవాళ్లని అడగలేదు. సర్వేవాళ్లని అని ఏం లాభం? పదేళ్లుగా నేనూ అడగలేదు.

"మీ అమ్మ పేరేంటి?" అన్నాను.

కాసేపు నావైపు చూసి చెప్పింది. చుక్కల పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాను.