గట్టు మీద నడిచినవాళ్ళు

పాత బస్తీ నుంచి – 17



మా ఉప్పుగూడ వైపు పిల్లలకి పడవ అనగానే గుర్తొచ్చేది 2020 అక్టోబరు. ఆ నెల 13న కురిసిన వానకి పల్లెచెరువు పొంగింది. నాలుగు రోజులకి గుర్రం చెరువు కట్ట తెగింది. చాంద్రాయణగుట్ట, హఫీజ్ బాబానగర్ గల్లీల్లో మనుషుల్ని రబ్బరు పడవల్లో బయటికి తెచ్చారు. మా పక్కింటి పాప ఇప్పటికీ పడవ బొమ్మ గీస్తే దాని పక్కన కరెంటు స్తంభం గీస్తుంది. పడవంటే ఆ పిల్లకి అదే. అంతకుముందు మా పెద్దవాళ్ళు చెప్పుకున్న నీళ్ళ కథ 1908 సెప్టెంబరు 28 మూసీ వరద. నది ఒడ్డున పుట్టిన ఊరే గానీ, నదిని దారిగా వాడుకున్న ఊరు కాదు మనది.

మా బాబాయ్ మాత్రం వేరే రకం నీళ్ళ నుంచి వచ్చాడు. కోనసీమలో రాజోలు దగ్గర పల్లె. 1974లో మా నాన్న వెనకాలే హైదరాబాద్ వచ్చి, ముప్పై ఏళ్ళు మేస్త్రీల దగ్గర ఇటుకలు, సిమెంటు మాలు మోశాడు. ఉర్దూ మా అందరికంటే బాగా మాట్లాడతాడు, చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తింటాడు, కానీ కోపం వస్తే మాత్రం గోదావరి యాస దిగిపోద్ది. ఈ సంక్రాంతి ముందు నా ఫోన్లో ఆత్రేయపురం పడవ పందాల వీడియో చూపించాను. పోయినేడు జరిగినవి. కాలువలో పొడవాటి డ్రాగన్ పడవలు, రెండు వరసల్లో తెడ్లు, గట్టుల మీద ఇసకేస్తే రాలని జనం. బాబాయ్ రెండుసార్లు చూశాడు.

"తాడేదమ్మా?" అన్నాడు.

"ఏ తాడు బాబాయ్?"

"పడవకి తాడు. లాగేవోళ్ళు ఏరీ?"

ఆయన పన్నెండేళ్ళ వయసు నుంచి వాళ్ళ నాన్నతో కలిసి కాలువ గట్టు మీద పడవలు లాగాడని అప్పుడే నాకు తెలిసింది. యాభై ఏళ్ళు ఒకే గల్లీలో బతికాం. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. మన ఇళ్ళల్లో ఇంతే కదా. పని గురించి చెప్పుకోరు, అవమానం గురించి అసలే చెప్పుకోరు.

సరే, పోదాం పద అన్నాను. ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్, అక్కడ గౌతమి ఎక్స్‌ప్రెస్. పండగ రోజుల్లో ఆ రైల్లో జనరల్ బోగీ ఎలా ఉంటుందో ఎక్కినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తెల్లవారకముందే రాజమండ్రిలో దిగాం. ధవళేశ్వరం చేరేసరికి వెలుతురు వచ్చింది. కాటన్ దొర విగ్రహం దగ్గర బాబాయ్ చెప్పులు విప్పలేదు. చుట్టుపక్కల చాలామంది విప్పుతారు.

కాటన్ గురించి నా మాట ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత మరిచిపోతాను. 1847లో ఆనకట్ట పని మొదలైంది, 1852లో ముగిసింది. డెల్టా పండింది. అది కాదనేవాళ్ళెవరూ లేరు. కానీ ఆయనకి కాలువంటే సాగునీరు ఒక్కటే కాదు, రోడ్డు కూడా. రైళ్ళ మీద అంత డబ్బు పొయ్యకండి, కాలువలు తవ్వండి, సరుకు పడవల మీద చవగ్గా పోతుందని ముసలితనం దాకా వాదించాడు. ఆ వాదన ప్రకారమే ఇక్కడ కాలువలకి లాకులు పెట్టారు. కాకినాడ నుంచి రాజమండ్రి, ఏలూరు మీదుగా బెజవాడ, అక్కణ్ణుంచి కొమ్మమూరు కాలువ, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువ పట్టుకుంటే మద్రాసు దాటి మరక్కాణం దాకా అప్పట్లో నీళ్ళ మీదే పోగలిగేవాళ్ళు. ఆ బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు ఊళ్ళో అడయారు, కూవం నదుల్ని కలిపే ముక్కని 1877-78లో కరువు పని కింద తవ్వించారు. అప్పుడు ఆ రాష్ట్రంలో కరువు కూలి కోసం టెంపుల్ అనే దొర పెట్టిన రేటు మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఒక పౌను అంటే అర కిలో కూడా కాదు. రోజంతా మట్టి తవ్వి, మోసేవాడికి. భూమి లేనివాడే కరువు పనికి పోతాడు. ఆ కాలంలో భూమి లేనివాళ్ళు ఎవరో మీకు నేను చెప్పాలా?

చవక అనే మాట మీద బాబాయ్ లెక్క వేరు. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువ మొదలయ్యే చోట, మాకు తెలిసిన ఒక మత్స్యకారుడి నాటు పడవ ఎక్కాం. చిన్న డీజిల్ ఇంజన్ ఉంది. ఉచ్చిలికి ముందే దించేస్తానన్నాడు, అక్కణ్ణుంచి పందాల హడావుడి కాబట్టి. బాబాయ్ గట్టు మీద నిలబడిపోయాడు. పడవవాడు చెయ్యి చాపాడు, "రండి పెద్దాయనా" అని. బాబాయ్ ఆ చెయ్యి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎక్కి, ముందు భాగంలో మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. కొంతదూరం పోయాక అన్నాడు: "ఈ కాలవ ఎంబడి ఎన్ని వందల మైళ్ళు నడిచానో లెక్కలేదమ్మా. కూకోడం ఇదే."

తర్వాత ఆపకుండా మాట్లాడాడు. వాలుకి పోయేటప్పుడు గెడ వేస్తే చాలు. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవాళ్ళు. ఎదురు నీళ్ళకి పోవాలంటే మాత్రం తాడే. తాడు పడవ అంచుకి కట్టరు, తెరచాప కొయ్యకి ఎత్తుగా కడతారు, గట్టు మీద తుప్పలకి తగులుకోకుండా. రెండో కొసకి చిన్న కర్ర. ఆ కర్రని ఛాతీకి అడ్డంగా పెట్టుకుని, ఒళ్ళు ముందుకి వంచి నడవడమే. మొదటి పది అడుగులే కష్టం, పడవ కదిలాక అదే వస్తుందట. ఆగితేనే చావు, మళ్ళీ కదపాలి. పడవ యజమాని గూట్లో నిద్రపోతూ కూడా పడవ ఆగితే లేచేవాడట.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. పడవ నడిపే పని మా వాళ్ళది కాదు. చుక్కాని పట్టింది మత్స్యకార కులాలు, వాళ్ళ కష్టం వాళ్ళది, వాళ్ళకీ భూమి లేదు. బరువెక్కువై మనుషులు చాలనప్పుడు మాలపల్లెకి కబురు వచ్చేది. మా తాత అలా పోయినవాడే. అన్నీ మేమే చేశాం అని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. మేము చేసినంత చెప్పుకుంటే చాలు, అదే ఎవరూ రాయలేదు.

మా నానమ్మ ఒకసారి పడవ ఎక్కింది. కడుపులో గడ్డ, కాకినాడ ఆసుపత్రికి తీసుకుపోవాలి. తాత లాగే పడవే. గూట్లో బియ్యం బస్తాలున్నాయి, పై కులాల ప్రయాణికులున్నారు, అక్కడికి రానివ్వలేదు. వెనక కొబ్బరికాయల కుప్ప మీద కూర్చోబెట్టారు. కొబ్బరికాయకి పీచు ఉంటుంది కాబట్టి మైల అంటదని ఒకాయన తేల్చాడట. బాబాయ్ ఈ మాట చెప్పి నవ్వాడు. పడవవాడు కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. భార్య కుప్ప మీద పడుకుని మూలుగుతుంటే మొగుడు గట్టు మీద ఆ పడవనే లాగుతున్నాడు. పక్కన పన్నెండేళ్ళ కొడుకు. ఆ రోజు కూలి ఇచ్చారా అని అడిగాను. "టిక్కెట్టు కింద పట్టుకున్నారు" అన్నాడు.

యూనివర్సిటీ మిత్రులు కొందరు నన్ను అడుగుతుంటారు, అక్కా, నీళ్ళ మీద కులం అంటే చెరువు, బావి గురించే మాట్లాడతారెందుకు అని. కారంచేడు మనకి చెరువు దగ్గరే మొదలైంది కదా, 1985 జులైలో. తాగే నీళ్ళు పాడుచేయొద్దన్నందుకు. కానీ కాలువ కూడా ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో మన ఎనిమిది మందిని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర కాలువలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కాలువ గట్టు, కొబ్బరాకు, పడవలో పాట అనే సినిమా గోదావరి నాకూ కళ్ళకి బాగానే ఉంటుంది. గోనెసంచి గుర్తుకు రాకుండా మాత్రం చూడలేను.

ఇదే కాలువల కూడలి బెజవాడకి 1917 నవంబరులో మన హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వెళ్ళాడు, సభకి అధ్యక్షుడిగా. పంచమ సభ అని పిలిచినదాన్ని ఆది ఆంధ్ర సభ అని మార్పించాడు. మేము అయిదోవాళ్ళం కాదు, మొదటివాళ్ళం అన్నాడు. ఆ రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని ఉద్యమ చరిత్ర రాసినవాళ్ళు చెప్పారు. ఒక హైదరాబాదీ డెల్టాకి పోయి పేరు మార్చి వచ్చాడు. పేరు మార్చడం అక్కడ ఎంత పెద్ద విషయమో నూట అయిదేళ్ళ తర్వాత మళ్ళీ చూశాం. 2022 మే 24న అమలాపురం. జిల్లా పేరు ముందు అంబేడ్కర్ అని పెడతామంటే మంత్రి ఇల్లు తగలబెట్టారు.

పందాల దగ్గరికి వద్దాం. ఉచ్చిలికి ఇవతలే దిగి నడిచాం. జనం సంగతి చెప్పాను కదా. పూతరేకుల దుకాణాలు, తిరనాళ్ళ బూరలు, మైకు. డ్రాగన్ పడవ మన పడవ కాదు, దక్షిణ చైనా నుంచి వచ్చింది. ముందు భాగంలో తెడ్లు వేసేవాళ్ళకి ఎదురుగా ఒక మనిషి కూర్చుని డ్రమ్ కొడతాడు. వెనక ఒకడు చుక్కాని పడతాడు. డ్రమ్ దెబ్బకి ఇరవై తెడ్లు ఒకేసారి నీళ్ళలో పడాలి. ఒక్క తెడ్డు తప్పినా పడవ వంకరపోతుంది. బాబాయ్ కళ్ళు తెడ్ల మీద లేవు, ఆ డ్రమ్ మనిషి మీదే ఉన్నాయి. మన డప్పు పెళ్ళిలో ముందు నడుస్తుంది, చావులో ముందు నడుస్తుంది, భోజనాల దగ్గర మాత్రం చివర. ఇక్కడ వాయించేవాడికి పడవలో మొదటి సీటు. "ఆడికి కూలెంతమ్మా?" అని అడిగాడు. కూలి కాదు బాబాయ్, ఆట అన్నాను. తల ఊపాడు గానీ నమ్మినట్టు లేదు.

బాగుందా అంటే, బాగుంది. అబద్ధం చెప్పను. రెండు పడవలు చివర్లో ఒకేసారి వచ్చినప్పుడు నేను కూడా ఎగిరి అరిచాను. ఆ కుర్రాళ్ళ భుజాలు చూసి బాబాయ్ ఎవరు గెలుస్తారో ముందే చెప్పాడు, మూడింట రెండు నిజమయ్యాయి.

మా పక్కన తెల్ల చొక్కా పెద్దమనిషి ఒకాయన, మర్యాదస్తుడే, బాబాయ్‌కి తాగడానికి నీళ్ళ సీసా ఇచ్చాడు. తాగాక మొదలుపెట్టాడు. "ఏ ఊరండీ తమది?" రాజోలు దగ్గరండి అన్నాడు బాబాయ్. "రాజోలంటే... ఎవరి తాలూకండీ?" ఈ ప్రశ్న అర్థం తెలియని దళితుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉండడు. నేను నోరు తెరిచేలోపే బాబాయ్ చాలా వినయంగా, చేతిలో సీసా అలాగే పట్టుకుని, "డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా తాలూకండి, ఆయ్" అన్నాడు.

పెద్దమనిషి పందెం వైపు తిరిగాడు. సీసా వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం ఆటో మాట్లాడుకుని లొల్ల లాకులకి పోయాం. కాలువ అక్కడ పాయలుగా చీలుతుంది. లాకు ఎలా పనిచేస్తుందో బాబాయ్ నేల మీద పుల్లతో గీసి చూపించాడు. పైన కాలువ ఎత్తు, కింద కాలువ పల్లం. మధ్యలో రాతి గది, రెండు పక్కలా తలుపులు. కిందికి పోయే పడవైతే ముందు గది నింపుతారు, పై తలుపు తీసి పడవని లోపలికి పట్టి మూసేస్తారు, కింది తూము ఎత్తి నీళ్ళు వదిలితే పడవ మెల్లగా దిగుతుంది. రెండు పక్కలా నీళ్ళు సమానం కాకపోతే తలుపు తెరుచుకోదు, ఎంతమంది నెట్టినా. ఎదురొచ్చే పడవలుంటే గంటలు గంటలు ఆగాలి. పది, పదిహేను పడవలు గుంపుగా చేరేవట. లాగేవాళ్ళు గట్టున పొయ్యి రాళ్ళు పెట్టుకునేవాళ్ళు. మా తాత పొయ్యి ఎప్పుడూ గాలివాలుకి, చివర్న. పొగ ఎవరి మీదికీ పోకుండా.

ఆ చివర ఎక్కడో చూపించమన్నాను. కాసేపు వెతికాడు. ఇప్పుడక్కడ సిమెంటు బెంచీ ఉంది, దాని మీద ఒక జంట సెల్ఫీ దిగుతున్నారు. వాళ్ళు లేచేదాకా ఆగి, బాబాయ్ వెళ్ళి దాని మీద కూర్చున్నాడు. అరగంట కూర్చున్నాడు. నేను ఆయన మాటలు ఫోన్లో రికార్డు చేశాను, నలభై నిమిషాలు వచ్చింది, సగం దగ్గులే.

కొమ్మమూరు కాలువ మీద పనిచేసిన ఒక పెద్దావిడ ఉందని తెనాలి నుంచి ఒక తమ్ముడు చెప్పాడు, వచ్చే నెల పోతున్నాను. మీ ఇళ్ళల్లో పడవలు లాగినవాళ్ళు, లాకుల దగ్గర పనిచేసినవాళ్ళు ఉంటే ఇప్పుడే అడిగి రాసుకోండి. ఏ రేవు నుంచి ఏ రేవుకి, ఎంతమంది, ఏం సరుకు, కూలి ఎంత, ఎక్కడ కూర్చోనిచ్చారు, ఎక్కడ వండుకున్నారు. వయసు డెబ్బై దాటినవాళ్ళని ముందు అడగండి.

జై భీమ్.