కాలు ఒక్కటి ఆనితే చాలు

నా ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. మావారి స్ప్లెండర్ ప్లస్ సీటేమో 785 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 31 అంగుళాల ఎత్తు. ఆయనకి కంటి ఆపరేషనయ్యాక అత్తయ్యగారిని ఆస్పత్రికి తిప్పే పని నా మీద పడింది. గేర్ల బండి వచ్చు, లైసెన్సూ ఉంది. కానీ ఒంటరిగా తీసిన మొదటిరోజే సిగ్నల్ దగ్గర కాలు అందక, బండితో సహా పక్కకి ఒరిగిపోయాను. దెబ్బ చిన్నదే. నలుగురూ నవ్వారే, అదీ బాధ!

“స్కూటరు కొనుక్కోవచ్చుగా” అంటారేమో. ఇంట్లో బండి ఉండగా ఇంకోదానికి డబ్బెక్కడిది చెప్పండి?

సీట్లు కుట్టే అతని దగ్గరకెళ్ళాను. ముందువైపు స్పాంజి కాస్త పల్చన చేసి, రెండు పక్కలా సన్నగా కోశాడు. సీటు వెడల్పుగా ఉంటే తొడలు ఎడమై, కాళ్ళు నేలకి అందవన్నమాట! స్పాంజి మరీ తీయించకండి, అడుగునున్న గట్టి భాగం ఒత్తుకుంటుంది. మెకానిక్కు బండినే కిందికి దించుతానన్నాడు. వద్దన్నాను. అలా చేస్తే స్పీడు బ్రేకర్లకి బండి అడుగు తగులుతుంది, స్టాండూ కురచ చేయించాలి.

అన్నిటికన్నా పనికొచ్చింది ఇంకోటుంది. రెండు కాళ్ళూ ఆనక్కర్లేదు. ఆగేటప్పుడు సీటు మీద కొంచెం ఎడమకి జరిగి, ఎడమ పాదం నేలకానించి, కుడికాలు బ్రేకు మీదే ఉంచాలి. మందపాటి అడుగున్న, జారని బూట్లు మేలు. ఖాళీ స్థలంలో వారం రోజులు ఇదే సాధన చేశాకే అత్తయ్యగారిని ఎక్కించుకున్నాను.

ఇప్పుడు ఎర్రలైటు పడగానే వెనకనుంచి ఆవిడే “ఎడమ కాలమ్మాయ్!” అని గుర్తుచేస్తారు. ఆవిడ బరువుకి బండి కాస్త దిగుతుంది కూడా!