ఎల్మ్ బద్ద

2022 జూన్ 26, అబర్గవెన్నీ

కొండవాలు పొలంలో తెగులు తగిలిన విచ్ ఎల్మ్‌ను కొట్టేస్తున్నారని విళ్ళు చెక్కే పెద్దాయన కబురు చేశాడు. 1960ల చివర్లో మళ్ళీ విజృంభించిన ఆ తెగులుకు ఈ దేశంలో కోట్ల చెట్లు పోయాయి. పురుగు మోసుకొచ్చే బూజు నీటినాళాలను మూసేస్తుంది, చెట్టు నిలువునా ఎండుతుంది. దీనికి ఇంకా ఒక కొమ్మే ఎండింది. కణుపుల్లేని ఏడడుగుల దుంగ మా వంతుకొచ్చింది.

చీల్చడానికే పొద్దంతా పట్టింది. యాష్ దుంగయితే నాలుగు దెబ్బలకు విడిపోయేది. ఎల్మ్ పీచు ఒకదాంట్లో ఒకటి పెనవేసుకుని ఉంటుంది. ఇనుప మేకు సగం దిగేసరికి కర్ర దాన్ని కరిచి పట్టేస్తుంది. నెర్రెలోకి తొంగిచూస్తే రెండు చెక్కల మధ్యా తెల్లటి పీచులు సాగి ఉన్నాయి. గొడ్డలి మొనతో ఒక్కోటే తెంచాం. చుట్టూ ఆకులకు తొర్రలు తొలిచినా పగలదనే బండిచక్రాల నడిబొడ్డుకు ఇక్కడ ఎల్మే వాడేవారు.

వేసవి కాబట్టి బెరడు పట్టలుగా ఊడొచ్చింది. కింద తడితడిగా జారే తెల్లచెక్క. ఆ పైపొరే వింటికి ముందువైపు, ఇక దాన్ని ఏ పనిముట్టూ ముట్టకూడదు. అక్కడ పీచు తెగితే, లాగినప్పుడు అక్కడినుంచే లేస్తుంది. కొసలకు జిగురు పట్టించి అటకెక్కించాం, ఏడాదైనా ఆరాలి.

రాత్రి నాన్న ఫోను. "ఏరా, నిన్ను డాక్టరు చదివించింది కట్టెలు కొట్టుకోడానికా?" ఇది మన నెమలినార కుటుంబమే నాన్నా అన్నాను. "అయితే పొయ్యిలోకి పనికొస్తుంది" అన్నాడు.

జూలై 3

జెరాల్డ్ ఆఫ్ వేల్స్ పుస్తకం మళ్ళీ తీశాను. 1188లో ఆర్చిబిషప్ బాల్డ్‌విన్ వెంట ఈ నేలంతా తిరిగినవాడు. ఇక్కడి గ్వెంట్ సీమ జనం విళ్ళు యూ కర్రవి కావు, ఎల్మ్‌వి, మోటుగా, నునుపులేకుండా ఉంటాయి, కానీ మహా గట్టివి అంటాడు. ఈ ఊరి కోట ముట్టడిలో బాణాలు బెత్తెడు మందం ఓక్ తలుపులో దిగబడ్డాయట. ఇప్పుడక్కడ మొండిగోడలే. పెద్దాయనకు మాత్రం యూ తప్ప మరోటి విల్లే కాదు. దున్నబోతే దూడల్లో, మేయబోతే ఎద్దుల్లో అన్నట్టు, ఎల్మ్‌ను తిడుతూనే బద్దలో మంచి భాగం తనకు తీసుకున్నాడు.

2023 సెప్టెంబర్ 17

బద్ద వంగడం మొదలుపెట్టింది. గోడకు బిగించిన కొయ్యమీద విల్లు పెట్టి, నారిని గిలక తాడుతో లాగుతూ దూరం నుంచి వంపు చూడాలి. చెక్కేదంతా మనవైపునుంచే. బిగుసుకున్న చోట గీకాలి, వంగుతున్న చోటికి చెయ్యి పోనివ్వకూడదు. మందం పదోవంతు తగ్గితే ఆ చోట బిగువు నాలుగోవంతు పైగా పోతుంది, అందుకే రెండు పిడుల కత్తి పక్కనపెట్టి ఆకురాయి పట్టాను. నాలుగు గీతలు గీకడం, తాడు ముప్పైసార్లు లాగి వదలడం, మళ్ళీ చూడడం. ముందువైపు పైపొర అలలు అలలుగా ఉంది. నున్నగా చెయ్యమని చూసినవాళ్ళంతా అంటున్నారు. చెయ్యను. దుంగను చీలనివ్వని ఆ పెనవేతే ఇప్పుడు వింటిని కాస్తోంది.

అక్టోబర్ 8

కుడిభుజం సలుపు. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడ విళ్ళు 100 నుంచి 185 పౌండ్ల దాకా లాగేవని అంచనా. అందులో దొరికిన అస్థిపంజరాల్లో భుజంకొన ఎముక అతుక్కోకుండా మిగిలిపోయినవి మామూలుకంటే ఎక్కువ. చిన్నప్పటినుంచీ బరువు విళ్ళు లాగడం వల్ల కావచ్చంటారు. నేను నలభై దాటాక మొదలుపెట్టినవాణ్ణి, నాకొచ్చింది ఉత్త వాపే. రోగికి చెప్పేదే నాకూ చెప్పుకున్నాను: రెండు వారాలు విశ్రాంతి. లాగడానికి గిలక ఉందిగా.

28 అంగుళాల దగ్గర తూనిక 96 పౌండ్లు చూపించింది. ఇంకో నాలుగంగుళాలు రావాలి. పైరెక్క నడుమ జానెడు మేర ఇంకా బిగుసుగానే ఉంది. రేపు రాత్రి డ్యూటీ, ఆకురాయి శనివారమే.